వావిలాకు, ఎలుక తోక, జనరేటర్ రిజిస్టర్: ఒక కేస్ స్టడీ

మే నెల ఆఖరు వారంలో ఒక సాయంత్రం మా ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం అమ్మాయి నా బల్ల మీద ఒక గ్రాఫ్ పెట్టి, ఏమీ మాట్లాడకుండా పక్కన నిలబడింది. మాట్లాడవలసిన పని కూడా లేదు. ఐదు కడ్డీలు మెట్ల వరుసలా లేచాయి. మందు ఇవ్వని గ్రూపు అన్నిటికన్నా పొట్టి. తర్వాత కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల చొప్పున వావిలాకు సారం ఇచ్చిన ఎలుకలు, ఆపైన 200, ఆపైన 400, చివర పోలిక కోసం ట్రమడాల్ అనే నొప్పి మందు ఇచ్చినవి. డోసు పెరిగే కొద్దీ ఎలుక వేడిని ఓర్చుకునే సమయం పెరుగుతోంది. కడ్డీల నెత్తిన, తేడా కాకతాళీయం కాదని గణాంక పరీక్ష ఇచ్చిన నక్షత్రాలు. పాఠ్యపుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు.

“చాలా బాగుందమ్మా” అన్నాను. ఈ కేసులో మొదటి తప్పు అదే, అది నాది.

ఆ గ్రాఫ్ తప్పని తేలడానికి మూడు వారాలు పట్టింది. తేల్చినవి మా అటెండర్ నోటి నుంచి వచ్చిన ఒక మాట, జనరేటర్ డీజిల్ రిజిస్టర్‌లోని ఒక వరుస. ఎలుకలలో నొప్పి కొలిచే పనిలో ఉన్నవాళ్లకు, అందులోనూ మనలాంటి ఎండ ప్రాంతాల చిన్న కళాశాలల వాళ్లకు పనికొస్తుందని జరిగినదంతా రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో జాతీయ రహదారి 16కు దగ్గరగా ఉన్న ఒక ఫార్మసీ కళాశాల. నేను ఫార్మకాలజీ చెబుతాను, యానిమల్ హౌస్ బాధ్యత కూడా నాదే. ఒక గదిలో విస్టార్ రకం ఎలుకలు, ఇంకో గదిలో చిట్టెలుకలు, మధ్యలో ప్రయోగాల గది. పంజరాలలో పరుపు వరి ఊక. రైసు మిల్లులకు కొదవ లేని జిల్లా కాబట్టి ఊకకు ఏనాడూ ఇబ్బంది పడలేదు. ఇబ్బందంతా పైకప్పుతోనే. నేరుగా ఎండకు ఎదురుగా ఉన్న స్లాబు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు; మా స్లాబు పగలదు కానీ, పగలంతా తాగిన ఎండను రాత్రి పదింటిదాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది.

విద్యార్థుల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. బి.ఫార్మసీలో ఇప్పుడు జంతు ప్రయోగాలన్నీ సాఫ్ట్‌వేర్ మీద, వీడియోల మీద జరుగుతాయి. అది మంచిదే, ఎన్నో ప్రాణాలు మిగిలాయి. అయితే ఎం.ఫార్మసీలో ప్రాజెక్టుకు వచ్చేనాటికి చాలామంది ఎలుకను చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. చేతులు వణుకుతాయి. ఎలుకకు ఆ వణుకు తెలుస్తుంది.

వావిలాకును ఎంచుకున్నది ఆ అమ్మాయే. మా ఒంగోలు వైపు పల్లెల్లో బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోయకపోతే పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు. మోకాళ్లు పట్టేసినా, చేతికి బెణుకు వాపు వచ్చినా ఆకు వేడిచేసి కట్టేవారు. నెల్లూరు వైపు కాలువ గట్ల మీద ఆ చెట్టు ఇప్పటికీ విరివిగా కనిపిస్తుంది. మేం సర్వేపల్లి కాలువ గట్టున కోసుకున్నాం. వృక్షశాస్త్ర అధ్యాపకుడి చేత మొక్కను గుర్తింపు చేయించి, నీడన ఆరబెట్టి, పొడి చేసి, సారం తీశాం. వాపులలో, నొప్పులలో ఈ ఆకు ప్రభావం గురించి జంతువులలో ఇంతకుముందే పరిశోధనలున్నాయి. మాది కొత్త కనుగోలు కాదు. ఒక విద్యార్థిని పద్ధతిగా పని నేర్చుకోవడానికి సరిపోయే అంశం, అంతే.

పరీక్ష టెయిల్ ఫ్లిక్, అంటే తోక విదిలింపు. డి’అమోర్, స్మిత్ అనే ఇద్దరు 1941లో పెట్టిన పద్ధతి. ఎలుకను గొట్టంలాంటి హోల్డర్‌లో ఉంచి తోక బయటికి తీస్తారు. తోక కింద కొంత ఎడంగా నైక్రోమ్ తీగ ఎర్రగా కాలుతుంటుంది. తోక కొస నుంచి కొన్ని సెంటీమీటర్ల లోపల ఎంచుకున్న చోటును దాని మీదకు తెచ్చిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కుతారు. ఎలుక తోకను చటుక్కున పక్కకు విదిలించగానే ఆపుతారు. మామూలు ఎలుక మూడు నుంచి ఐదు సెకన్లలో విదిలిస్తుంది. మార్ఫిన్ లాంటి మందు ఎక్కితే ఆ సమయం పెరుగుతుంది. పదో సెకను దాకా విదిలించకపోతే మనమే తోక తీసేయాలి, లేకపోతే చర్మం కాలుతుంది. ఆ పది సెకన్లను కటాఫ్ అంటాం.

ఎంత సులువుగా ఉందో చూడండి. ఒక తోక, ఒక తీగ, ఒక గడియారం. ఈ సులువే మనల్ని ముంచుతుంది. వెన్నుపామును మెదడు నుంచి వేరు చేసిన ఎలుక కూడా తోకను విదిలిస్తుంది. అంటే ఈ పరీక్ష కొలిచేది వెన్నుపాము స్థాయిలో జరిగే ఒక ప్రతిక్రియను. ఎలుకకు నొప్పి అనుభవంగా తెలిసిందా లేదా అన్నది ఇందులో రాదు. మనం మాత్రం ప్రాజెక్టు పుస్తకం అట్ట మీద ‘నొప్పి నివారణ ప్రభావం’ అని పెద్ద అక్షరాలతో వేసుకుంటాం.

ప్రయోగం రోజున ఎలుకలు ముప్పై, గ్రూపుకు ఆరు. పొద్దున 9 గంటలకు మందు ఇవ్వని కంట్రోల్ గ్రూపుతో మొదలు. గంటన్నర తర్వాత 100 గ్రూపు, మరో గంటన్నరకు 200, మధ్యాహ్నం 1.30కి 400, చివరగా 3 గంటలకు ట్రమడాల్. సారం నోటి ద్వారా గొట్టపు సూదితో ఇచ్చారు. ఇచ్చిన వెంటనే ఒక కొలత, తర్వాత 30, 60, 90, 120 నిమిషాలకు. తోక పట్టింది, గడియారం నొక్కింది ఆ అమ్మాయే. సూదితో మందు పోసింది ఆమె సహవిద్యార్థి. నేను 10 గంటలకు ఒకసారి వచ్చి చూసి, క్లాసుకు వెళ్లిపోయాను.

గ్రాఫ్ చూసి మురిసిపోయిన వారం తర్వాత అసలు పట్టికలు అడిగాను. సంశయం వచ్చి అడగలేదు, వ్యాసంగా పంపుదామని ఆశతో అడిగాను. పెన్సిలుతో రాసిన పొడుగు కాగితాలు. 400 గ్రూపులో మొదటి ఎలుక, సున్నా నిమిషం గడి: 4.7 సెకన్లు. రెండోది 5.1. మూడోది 4.6. కంట్రోల్ గ్రూపు అదే సున్నా గడిలో మూడు సెకన్ల చుట్టూ ఉంది.

సున్నా నిమిషం అంటే మందు అప్పుడే గొంతు దిగింది. కడుపులోనే ఉంది. పేగు దాటలేదు, రక్తంలోకి రాలేదు. అప్పటికే ఎలుకకు నొప్పి తగ్గిందంటే, వావిలాకు వాసనకే తగ్గిందనుకోవాలి. గ్రాఫ్‌లో ఆ గడి లేదు. “అందరూ 30 నిమిషాల నుంచే వేస్తారు మేడమ్” అంది అమ్మాయి. ఆమె అన్నది నిజమే, నేను చూసిన పుస్తకాలలో ఎక్కువ భాగం అలాగే ఉన్నాయి. ప్రతి సమయంలోనూ కంట్రోల్ సగటుతో మందు గ్రూపు సగటును పోల్చి, అనోవా, దాని తర్వాత డన్నెట్ అనే గణాంక పరీక్షలు చేసి నక్షత్రాలు పెడతారు. ఏ ఎలుక ఎక్కడ మొదలైందన్నది ఎవరూ అడగరు.

అక్కడి నుంచి అనుమానితుల జాబితా వేసుకున్నాను.

మొదటి అనుమానం యంత్రం మీద. తీగ పాతబడిందా, మధ్యాహ్నానికి వేడి తగ్గిందా? అమ్మాయి ప్రతి ఎలుకకు ముందు ఆంపియర్ల ముల్లు చూసి రాసుకుంది. అంకె మారలేదు. తోక మీద చోటు మారిందా అంటే, స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకుంది. ఇంత శ్రద్ధ ఉన్న పిల్ల ఫలితం ఎందుకు తప్పిందో తెలియక నాకే చిరాకు వేసింది.

రెండో అనుమానం మనుషుల మీద. మాంట్రియాల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం 2014లో ప్రచురించిన పని ఈ రంగంలో చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. ప్రయోగం చేసేది మగవాళ్లయితే, చివరికి మగవాళ్లు తొడుక్కున్న చొక్కా దగ్గర పెట్టినా చాలు, ఎలుకలు, చిట్టెలుకలు తక్కువ నొప్పి చూపిస్తాయి. ఆ వాసన కలిగించే ఒత్తిడి నొప్పిని కాసేపు అణచిపెడుతుంది. మా దగ్గర మందు పోసినవాడు అబ్బాయే. అయితే కంట్రోల్ గ్రూపుకు ఉత్త ద్రావణం పోసింది కూడా అతనే కాబట్టి అది తేడాకు కారణం కాలేదు. అదే బృందం నుంచి 2002లో వచ్చిన ఇంకో విశ్లేషణ నాకు ఇంతకన్నా ఎక్కువ గుర్తుంటుంది. ఏళ్ల తరబడి పోగైన వేల చిట్టెలుకల తోక పరీక్షల లెక్కలు తిరగేసి చూస్తే, కొలతలో తేడాకు చిట్టెలుక జాతి వల్ల వచ్చిన పాలు కన్నా, పరీక్ష చేసిన మనిషి ఎవరన్నదాని పాలు ఎక్కువని తేలింది. రుతువు, గాలిలో తేమ, పంజరంలో ఎన్ని ఉన్నాయి, అందులో ఈ చిట్టెలుక ఎన్నోదిగా బయటికి వచ్చింది, ఇవన్నీ ఆ లెక్కలోకి వచ్చాయి.

మూడోది సమయం. పొద్దుటి నొప్పి, సాయంత్రపు నొప్పి ఒకటి కావు. ఎలుక రాత్రి తిరిగే జీవి, మన పగలు దానికి నిద్రవేళ. ఇది కొంత కారణం కావచ్చుననిపించింది, కానీ ఇంత తేడాను అది ఒక్కటే మోయలేదు.

గది ఉష్ణోగ్రత సంగతి నాకు తట్టలేదని అనుకోకండి. మొదటి రోజే రిజిస్టర్ తీశాను. ప్రయోగం రోజున 24 డిగ్రీలు. అంతకుముందు రోజూ 24. ఆ నెలంతా 24. నిక్షేపంలా ఉందనుకుని మూసేశాను.

జూన్ మధ్యలో ఒక ఉదయం అటెండర్ పంజరాలు మారుస్తుంటే, ఆ రోజు ఎలుకలు ఏమైనా తేడాగా ఉన్నాయా అని మాటవరసకు అడిగాను. ఆయన చెయ్యి ఆపకుండానే చెప్పాడు. “ఆ రోజు పొద్దున కరెంటు లేదు కదా మేడమ్. నేను వచ్చేసరికే అన్నీ ఊక పక్కకు నెట్టేసుకుని, కింద ప్లాస్టిక్‌కు పొట్ట ఆనించి పడుకున్నాయి. తోకలు బారుగా చాపేశాయి. ఎర్రగా ఉన్నాయి తోకలు.”

“కరెంటు లేకపోతే 24 డిగ్రీలు ఎలా రాశారు?”

ఆయన ఏసీ రిమోట్ చూపించాడు. దాని మీద 24 అని ఉంది. రోజూ రాస్తున్నది అది.

నాకు కోపం రావడానికి ఆయన చేసింది తప్పు కాదు. రిజిస్టర్‌లో ‘ఉష్ణోగ్రత’ అని గడి పెట్టాం, ఎక్కడ చూసి రాయాలో ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో కంటికి కనిపించే అంకె ఒక్కటే. ఏడాదిగా ప్రతి పేజీ కింద సంతకం పెట్టింది నేను.

కళాశాల వెనక షెడ్డులో జనరేటర్ ఉంటుంది. డీజిల్ లెక్క కోసం వాచ్‌మన్ ఒక పుస్తకం రాస్తాడు, ఆన్ చేసిన వేళ, ఆపిన వేళ, పోసిన లీటర్లు. మా కళాశాలలో అన్నిటికన్నా నిజాయితీగా నడిచే రిజిస్టర్ అదేనేమో, ఎందుకంటే అందులో డబ్బుంది. ప్రయోగం తేదీ ఎదురుగా: ఉదయం 6.50 నుంచి 11.10 వరకు. ఏదో లైను పని అట. మా జనరేటర్ దీపాలకు, ప్లగ్గులకు సరిపోతుంది. ఏసీలకు దాని లైను ఇవ్వలేదు.

అంటే కంట్రోల్ గ్రూపు కొలతలు మొత్తం, మే నెల ఎండలో, ఏసీ ఆగిపోయిన గదిలో జరిగాయి. 100 గ్రూపు మొదలయ్యేసరికి ఇంకా ఉక్క. కరెంటు వచ్చాక ఏసీ మెల్లగా గదిని, గోడలను, స్లాబును చల్లబరుస్తూ పోయింది. 200 గ్రూపుకు కొంచెం చల్ల, 400 గ్రూపుకు మరికొంచెం, ట్రమడాల్ వేళకు హాయిగా ఉంది. నేను మురిసిపోయిన మెట్ల వరుస ఏసీ గదిని చల్లబరిచిన వరుస.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. జనరేటర్ మీద నడిచినప్పుడు వోల్టేజి తేడా వల్ల తీగే ఎక్కువ కాలి ఉండవచ్చు కదా? అప్పుడూ కంట్రోల్ ఎలుకలు తొందరగా విదిలిస్తాయి. ఆంపియర్ల పట్టిక ఇక్కడ ఆదుకుంది. ముల్లు కదలకుండా నాబ్ సరిచేస్తూ వచ్చింది అమ్మాయి. తీగలో కరెంటు ఒకటే, కాబట్టి వేడీ ఒకటే. మిగిలింది తోక.

ఎలుకకు చెమట పట్టదు, కుక్కలా నాలుక చాపి రొప్పదు. ఒంట్లో వేడి పెరిగితే దాన్ని బయటికి పంపే ప్రధాన దారి తోక. వెంట్రుకలు లేని, పొడుగ్గా సన్నగా ఉండే ఆ తోకలో రక్తనాళాలు చల్లని వేళ బిగిసి ఉంటాయి, గది వేడెక్కితే ఒక్కసారిగా తెరుచుకుంటాయి. అటెండర్ చూసిన ఎరుపు అదే. మా వైపు ఒంగోలు గిత్తకు గంగడోలు వేలాడేది ఒంటి వేడి పోవడానికేనని పెద్దలు అంటారు. ఎలుక విషయంలో ఆ పని తోక చేస్తుందనడంలో ఏ వివాదమూ లేదు. మరి మనం నొప్పి కొలవడానికి ఎంచుకున్నది సరిగ్గా ఆ అవయవాన్నే!

లెక్క వేస్తే ఇంకా బాగా కనబడుతుంది. తీగ నుంచి నిలకడగా వేడి పడుతుంటే చర్మం ఉష్ణోగ్రత పెరిగేది గడిచిన సమయపు వర్గమూలాన్ని బట్టి. తిప్పి చెబితే, విదిలింపుకు పట్టే సమయం, చర్మం ఎక్కవలసిన డిగ్రీల వర్గాన్ని బట్టి ఉంటుంది. తోక విదిలించే స్థాయి సుమారు 45 డిగ్రీలు అనుకుందాం. తోక 33 దగ్గర మొదలైతే ఎక్కవలసింది 12 డిగ్రీలు, వర్గం 144. అదే తోక 28 దగ్గర మొదలైతే 17 డిగ్రీలు, వర్గం 289. ఎలుకకు ఏ మందూ ఇవ్వకుండానే సమయం రెట్టింపు! తోక ఉష్ణోగ్రత ఈ పరీక్షను ఎంత తిప్పుతుందో నార్వే పరిశోధకులు 1980లలోనే చూపించారు. నేను ఆ విషయం చదివాను. క్లాసులో చెప్పాను కూడా.

ఇక కమిటీ ముందుకు వెళ్లాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రం ఏర్పాటు చేసిన జంతు ప్రయోగాల నియంత్రణ కమిటీ నియమాల ప్రకారం ప్రతి సంస్థలో ఒక ఎథిక్స్ కమిటీ ఉంటుంది. ఎన్ని ఎలుకలు, ఏ పని, ఎందుకు అన్నది ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. మాకు ఇచ్చిన ముప్పై అయిపోయాయి. మరో ముప్పై అడగాలి. కమిటీలో ఉన్న పశువైద్యుడు ఒకే ప్రశ్న వేశాడు. “మొదటి ముప్పై దేనికి పనికొచ్చాయి?” డీజిల్ రిజిస్టర్ జిరాక్సు ఆయన ముందు పెట్టాను. తప్పు మాదేనని కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ గదిలో కూర్చున్న ఇరవై నిమిషాలు నా ఉద్యోగ జీవితంలో నేను గుర్తుచేసుకోవడానికి ఇష్టపడనివి.

కమిటీ తెలివైన నిర్ణయం తీసుకుంది. ముందు ఆరు ఎలుకలు మాత్రమే. తోక సిద్ధాంతం నిజమని చూపిస్తే మిగతావి.

తోక వేడిని దేనితో కొలవాలి? కోవిడ్ కాలంలో నుదుటి దగ్గర పెట్టి చూసిన తుపాకీ థర్మామీటరు బీరువాలో ఉంది. దాన్ని తోక వైపు పెడితే ఒకసారి 26, ఒకసారి 30 చూపించింది. చివరికి తెలిసిందేమిటంటే అది చూసే వలయం తోక కన్నా చాలా వెడల్పు. తోకతో పాటు కింద ఉన్న బల్లను కూడా కలిపి సగటు చెబుతోంది. సన్నని తీగ కొసతో తాకి చూసే థర్మోకపుల్ తెప్పించాం. తోక మీద గీత పెట్టిన చోటనే కొస ఆనించి, అంకె నిలబడేదాకా ఆగడం. ఎలుక హోల్డర్‌లో కుదురుకోవడానికి రోజూ కాసేపు చొప్పున నాలుగు రోజులు అలవాటు చేశాం, ఎందుకంటే బిగించి పట్టుకోవడం అనే భయం కూడా నొప్పిని దాచేస్తుంది.

ఆరు ఎలుకలకు ఏ మందూ లేదు. మూడింటిని మొదట 23 డిగ్రీల గదిలో, రెండు రోజుల తర్వాత 29లో. మిగతా మూడింటిని తిరగేసి. 29 అన్నది మార్గదర్శకాలు అనుమతించే 18–29 పరిధిలో పై అంచు, దాటి వెళ్లలేదు. చల్లని గదిలో విదిలింపు ఐదు సెకన్ల దగ్గర, వెచ్చని గదిలో మూడుకు కాస్త పైన. లెక్క చెప్పినంత రెట్టింపు కాకపోయినా, మా ‘400 మిల్లీగ్రాముల ప్రభావం’ మొత్తం ఆ తేడాలో ఇమిడిపోతుంది. నిబంధనల లోపల ఉంటూనే ఒక మందును పుట్టించవచ్చునన్నమాట.

రెండో విడత జూలైలో. ఈసారి గ్రూపు తర్వాత గ్రూపు అన్న పద్ధతి వదిలేశాం. గ్రూపుకు ఒకటి చొప్పున ఐదు ఎలుకలు ఒక జట్టు. జట్టులో ఎవరు ముందన్నది చీటీలు వేసి తేల్చాం. రోజుకు రెండు జట్లు, మూడు రోజులు. ఏసీ పాడైనా, వాన పడినా ఐదు గ్రూపుల మీదా సమానంగా పడుతుంది. గడియారం పట్టేవాళ్లకు ఏ ఎలుక ఏ గ్రూపో తెలియకూడదు. ఇది అనుకున్నంత తేలిక కాదు. వావిలాకు సారం నల్లని ఆకుపచ్చ, ఉత్త ద్రావణం తెల్లగా ఉంటుంది, సూదిలో చూడగానే తెలిసిపోతుంది. అందుకని మందు పోయడం పక్క గదిలో అబ్బాయి పని, తోకల మీద అంకెలు మాత్రమే చూస్తూ కొలవడం అమ్మాయి పని. ప్రతి ఎలుకకూ దాని సున్నా నిమిషం కొలతే పోలిక. కటాఫ్‌కు, సున్నా కొలతకు మధ్య ఉన్న దూరంలో మందు ఎంత శాతం నడిపించిందన్నది లెక్క. ప్రతి కొలత పక్కన తోక ఉష్ణోగ్రత గడి.

ట్రమడాల్ దగ్గర ఒక కాగితాల గొడవ ఉంది. 2018లో దాన్ని మత్తుమందుల చట్టం పరిధిలోకి తెచ్చారు, కొనడం, నిల్వ, వాడకం లెక్కలన్నీ రాయాలి. రాశాం.

ఫలితం: ట్రమడాల్ ఎలుకల విదిలింపు స్పష్టంగా ఆలస్యమైంది. 100, 200 గ్రూపులకు, కంట్రోల్‌కు తేడా లేదు. 400 గ్రూపు 60, 90 నిమిషాల దగ్గర కాస్త పైకి జరిగింది కానీ ఒక్క నక్షత్రం కూడా రాలేదు.

అమ్మాయి ముఖం చూడలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే మాకు ముందే తట్టవలసిన సంగతి ఇంకొకటి బయటపడింది. తోక పరీక్ష మార్ఫిన్ తరహా మందులను పట్టడానికి పుట్టినది. ఆస్పిరిన్ లాంటి వాపు తగ్గించే మందులను కూడా ఇది సరిగా పట్టుకోలేదు. మా నాయనమ్మ వావిలాకు కట్టింది వాచిన మోకాలికి, కాలిన చేతికి కాదు! ప్రశ్న ఒకటి, అడిగిన చోటు ఇంకొకటి.

చిట్టెలుకలలో ఎసిటిక్ ఆమ్లం పరీక్ష మా ప్రణాళికలో ముందునుంచీ ఉంది. 0.6 శాతం ఆమ్లాన్ని పొట్టలోకి ఎక్కిస్తే చిట్టెలుక ఒళ్లు సాగదీసి, పొట్ట లోపలికి లాక్కుని, వెనక కాళ్లు చాపుతుంది. ఇరవై నిమిషాలలో అలా ఎన్నిసార్లు చేసిందో లెక్కపెట్టాలి. చూడడానికి నాకు అస్సలు ఇష్టం లేని పరీక్ష. ఒక్కో చిట్టెలుకను ఒక్కసారే, అతి తక్కువ సంఖ్యలో చేయించాను. ఇక్కడ 200, 400 రెండూ ఆ మెలికలను బాగానే తగ్గించాయి. మత్తెక్కినా, కండరాలు పట్టు తప్పినా మెలికలు తగ్గుతాయి కాబట్టి తిరిగే కడ్డీ మీద నిలబడగలవా అన్నది విడిగా చూశాం. నిలబడ్డాయి. వావిలాకు ఏదో చేస్తోంది, అయితే వెన్నుపాము దగ్గర కాకుండా, వాపు పుట్టిన చోటనే చేస్తున్నట్టుంది. ఇంతకు మించి చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు, పుస్తకంలోనూ అంతే రాశాం.

తోటి అధ్యాపకులు కొందరు, తోక గొడవ ఎందుకు, హాట్ ప్లేట్ చేసుకోవచ్చు కదా అన్నారు. 1944 నుంచి ఉన్న పద్ధతి, మన కళాశాలలన్నిటిలో ‘ఎడ్డీ హాట్ ప్లేట్’ పేరుతో ఒక డబ్బా ఉంటుంది. 55 డిగ్రీల పళ్లెం మీద చిట్టెలుక ఎప్పుడు పాదం నాకిందో, ఎప్పుడు ఎగిరిందో చూడాలి, 15 సెకన్లు దాటనివ్వకూడదు. దాని తిప్పలు దానికున్నాయి. ముందు పాదం నాకడం శుభ్రం చేసుకోవడంలో భాగం కూడా కావచ్చు, అందుకే వెనక పాదాన్నే లెక్కలోకి తీసుకోవాలంటాను. రెండోసారి పెట్టేసరికి చిట్టెలుకకు ఆ పళ్లెం సంగతి తెలిసిపోతుంది; వేడి తగలక ముందే ఎగరడానికి సిద్ధంగా ఉంటుంది. అయినా పళ్లెం అసలు ఉష్ణోగ్రత మీరు చివరిసారి వేరే థర్మామీటరుతో ఎప్పుడు చూశారు? డబ్బా మీది ఎర్ర అంకెను నమ్మితే అది ఇంకో ఏసీ రిమోట్.

ఇప్పుడు మా గదిలో మార్పులు చిన్నవే. పంజరాల ఎత్తులో ఒక థర్మామీటరు వేలాడుతోంది, కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే రకం. రిజిస్టర్‌లో ఆ రెండూ రాస్తారు. కరెంటు పోయి అరగంట దాటితే ఆ రోజు నొప్పి పరీక్షలు లేవు. వాచ్‌మన్ పుస్తకం పేజీ నంబరు ప్రయోగం కాగితం మీద వేస్తాం. విద్యార్థులకు తోక పట్టించే ముందు వారం రోజులు ఊరికే పంజరం ముందు కూర్చోబెట్టి ఎలుకల ముఖాలు చూడమంటున్నాను. 2010లో మోగిల్ బృందమే చిట్టెలుకల ముఖకవళికలకు ఒక కొలబద్ద ఇచ్చింది. కళ్లు చికిలించడం, ముక్కు ఉబ్బు, బుగ్గ ఉబ్బు, చెవుల వాలు, మీసాల తీరు, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు వరకు మార్కులు. మరుసటి ఏడాది ఎలుకలకూ వచ్చింది. సెకన్లలో విదిలించే తోకకు అది పనికిరాదు, కానీ గంటల తరబడి ఉండే నొప్పికి పనికొస్తుంది. అదీ కాక, వారం పాటు ముఖం చూసినవాళ్లు ఎలుకను పట్టుకునే తీరే మారిపోతుంది. మొదటి రోజున ఊకలోకి దూరిపోయే ఎలుకలు ఐదో రోజున పంజరం మూత తీయగానే చేతి వాసన చూడడానికి వస్తున్నాయి.

సెప్టెంబరులో వైవా జరిగింది. వేరే జిల్లా నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ప్రాజెక్టు పుస్తకం తిరగేస్తూ, తోక పరీక్ష గ్రాఫ్ దగ్గర ఆగి, “ఇంత చప్పగా ఉందేమిటమ్మా ఇది?” అన్నారు. అమ్మాయి చివరి పేజీలు తీసి, డీజిల్ రిజిస్టర్ నకలు, దాని పక్కన ఆరు ఎలుకల తోక ఉష్ణోగ్రతల పట్టిక చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చదివారు. తర్వాత ప్రశ్నలేమీ అడగలేదు. జేబులోంచి పెన్ను తీసి, “ఆ థర్మోకపుల్ ఎక్కడ కొన్నారు?” అన్నారు.